నూట పది కిలోమీటర్లు... నలభై ఏళ్ళు!

బాటసారి - ఈ వారం: నాగపట్నం నుంచి జాఫ్నాకి ఓడలో

విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం ఎంత దూరమో, తమిళనాడులోని నాగపట్నం నుంచి శ్రీలంక ఉత్తర కొసన ఉన్న కంకేశన్‌తురై రేవు కూడా ఇంచుమించు అంతే దూరం. నూట పది కిలోమీటర్లు. విశాఖలో పొద్దున్నే టిఫిన్ చేసి బస్సెక్కితే శ్రీకాకుళంలో పని చూసుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. పెళ్ళికో పేరంటానికో వెళ్ళాలంటే ఎవరూ పెద్దగా ఆలోచించరు.

అదే దూరం సముద్రం మీదైతే? దాదాపు నలభై ఏళ్ళపాటు ఉత్తర శ్రీలంకకు వెళ్ళడానికి మామూలు మనిషికి ఓడన్నదే లేదు. నాగపట్నంలో ఉన్న మనిషి నీటికి ఆవలి గట్టున ఉన్న జాఫ్నాలో చుట్టాన్ని చూడాలంటే ముందు చెన్నై వెళ్ళాలి. విమానమెక్కి కొలంబోలో దిగాలి. అక్కణ్ణుంచి మళ్ళీ నాలుగు వందల కిలోమీటర్లు ఉత్తరానికి రావాలి. యుద్ధం ముదిరిన రోజుల్లో ఆ దారి కూడా మూతపడింది.

2023 అక్టోబరు 14న ఓడ మళ్ళీ కదిలింది. కొద్ది రోజులకే ఆగిపోయింది. 2024 ఆగస్టు 16న ఇంకో ఓడ వచ్చింది. తుపాన్ల కాలం రాగానే అదీ ఆగింది. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ బయల్దేరింది. ఇలా ఆగుతూ సాగుతూ ఉన్న నూట యాభై సీట్ల చిన్న ఓడ గురించే ఈ వారం మన కబుర్లు. ఓడ చిన్నదే. కానీ అది కలుపుతున్న రెండు ఊళ్ళూ వెయ్యేళ్ళుగా ఒకదానికొకటి తెలిసినవి. అది మళ్ళీ ఆగిపోతే నష్టపోయేది సరదాగా వెళ్ళొచ్చే పర్యాటకులు కాదు, రెండు గట్ల మీదా చుట్టాలున్నవాళ్ళు!

ఎగ్మూరులో ఎక్కితే కొలంబోలో దిగడమే

అసలు ఈ ప్రయాణం ఒకప్పుడు ఎంత మామూలు విషయమో తెలియాలంటే బోట్ మెయిల్ గురించి చెప్పుకోవాలి. మొదట్లో మద్రాసు నుంచి రైల్లో తూత్తుకుడి వెళ్ళి, అక్కణ్ణుంచి ఓడలో కొలంబో చేరేవారు. 1914లో పాంబన్ వంతెన పూర్తయ్యాక దారి మారింది. ఎగ్మూరు స్టేషన్లో రైలెక్కితే నేరుగా ధనుష్కోటి. అక్కడ రైలు దిగగానే ఓడ సిద్ధంగా ఉండేది. దాదాపు ముప్ఫై అయిదు కిలోమీటర్ల నీళ్ళు దాటితే అవతల తలైమన్నార్. అక్కడ కొలంబో రైలు! మొత్తానికి టికెట్ ఒకటే. వ్యాపారులూ, చదువుకునే కుర్రాళ్ళూ, గుడులకు వెళ్ళే ముసలివాళ్ళూ, తేయాకు తోటల్లో కూలికి వెళ్ళే కుటుంబాలూ అందరిదీ అదే దారి.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి సిలోన్ అంటే రేడియో గుర్తొస్తుంది. 1950ల నుంచీ బినాకా గీత్‌మాలా కోసం బుధవారం రాత్రి రేడియో చుట్టూ చేరినవాళ్ళు తెలుగునాట కూడా తక్కువేం కాదు. తమిళనాడు తీరంలో వాళ్ళకి సిలోన్ అంటే పాట ఒక్కటే కాదు, మేనమామ కొట్టు పెట్టుకున్న ఊరు.

1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపాను ధనుష్కోటిని తుడిచిపెట్టేసింది. పాంబన్ నుంచి వస్తున్న పాసింజరు రైలు అందులోని జనంతో సహా ఉప్పెనలో కొట్టుకుపోయింది. స్టేషన్, రేవు, తపాలా ఆఫీసు, గుడి అన్నీ మొండి గోడలయ్యాయి. అయినా రాకపోకలు ఆగలేదు. రామేశ్వరం నుంచి తలైమన్నార్‌కు 'రామానుజం' అనే ఓడ నడిచింది. తుపాను ఆపలేని దారిని మనుషులే ఆపారు. 1983 జులైలో శ్రీలంకలో తమిళుల మీద దాడులు, ఆ తర్వాత యుద్ధం... దాంతో ఓడ ఆగిపోయింది.

ఆ తర్వాత కూడా ఆ నీళ్ళ మీద మనుషులు ప్రయాణించారు. కాకపోతే టికెట్‌తో కాదు, పగలూ కాదు. రాత్రిపూట చేపల పడవల్లో, పిల్లల నోళ్ళు మూసి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చారు. రామేశ్వరం దగ్గర మండపంలో ఒక క్యాంపు ఉంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో తేయాకు తోటలకు వెళ్ళే కూలీలకు అంటురోగాలేవీ లేవని తేలేదాకా ఉంచిన చోటు అది. 1983 తర్వాత అదే చోట శరణార్థుల్ని ఉంచారు. తాతలు వెళ్ళిన గేటులోంచే మనవలు తిరిగొచ్చారన్నమాట! 2021 నాటి లెక్కల ప్రకారం కూడా తమిళనాడు క్యాంపుల్లో దాదాపు 58 వేల మంది ఉన్నారు. క్యాంపుల్లోనే పుట్టి, క్యాంపుల్లోనే పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళు వాళ్ళల్లో ఎందరో.

నాగపట్నంలో ఒక పూట ఆగండి

ఓడ ఎక్కడానికే అయినా నాగపట్నం వెళ్ళినవాళ్ళు వెంటనే రేవు దగ్గరికి పరిగెత్తకుండా ఒక పూట ఊరు చూస్తే మంచిది. పైకి చూస్తే మామూలు జిల్లా కేంద్రమే. చేపల వాసన, సైకిళ్ళు, కాఫీ హోటళ్ళు. కానీ చోళుల కాలంలో తూర్పు దేశాలకు వెళ్ళే నావలు ఇక్కణ్ణుంచే బయల్దేరేవి.

1006 ప్రాంతంలో శ్రీవిజయ రాజు, అంటే ఇప్పటి ఇండోనేసియాలోని సుమత్రా ప్రాంతం రాజు, ఇక్కడ బౌద్ధులకోసం చూడామణి విహారం కట్టించాడు. శివభక్తుడైన రాజరాజ చోళుడు ఆ విహారం ఖర్చులకు ఆనైమంగళం అనే ఊరిని రాసిచ్చాడు. ఆ సంగతి చెక్కిన 21 రాగిరేకులు డచ్చివాళ్ళ చేతుల మీదుగా నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయానికి చేరాయి. అందుకే చరిత్రకారులు వాటిని లైడెన్ శాసనాలంటారు. ఈ స్నేహం మాత్రం ఎంతోకాలం నిలవలేదు. రాజరాజు కొడుకు రాజేంద్రుడు 1025లో అదే శ్రీవిజయ మీదికి నౌకాదళాన్ని పంపాడు. మణిరత్నం 'పొన్నియిన్ సెల్వన్' చూసినవాళ్ళకి యువరాజు తలదాచుకున్న నాగపట్నం బౌద్ధ విహారం గుర్తుండే ఉంటుంది. ఆ విహారానికి చెందిన ఇటుక గోపురం 1867 దాకా నిలబడే ఉంది. ఆ ఏడాది పడగొట్టేశారు. ఈ ఊరి మట్టిలో దొరికిన బుద్ధుడి కంచు విగ్రహాలు దాదాపు 350. వాటిల్లో చాలావాటిని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో చూడొచ్చు.

ఊరికి ఉత్తరాన అయిదారు కిలోమీటర్లలో నాగూరు దర్గా. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో నాగూర్ మీరా, నాగూర్ బాబు అనే పేర్లు ఎంత మామూలో మనకు తెలుసు కదా! గాయకుడు మనో అసలు పేరు కూడా నాగూర్ బాబే. ఆ పేరు వచ్చింది ఈ దర్గా నుంచే. దక్షిణాన పది పన్నెండు కిలోమీటర్లలో వేళాంకణి మాత గుడి. అక్కడ తెలుగు మాట వినబడని రోజుండదు. దర్గాలో హిందువులూ, మాత గుడిలో అన్ని మతాలవాళ్ళూ కనిపిస్తారు. రేవు పట్నం అన్నాక అన్ని దేశాల దేవుళ్ళకీ చోటుండాలి మరి!

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మన దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతిన్నది ఈ జిల్లాయే. ఆరువేల మందికి పైగా చనిపోయారు. అదే పొద్దున అవే అలలు శ్రీలంక తూర్పు, ఉత్తర తీరాల మీదా విరుచుకుపడ్డాయి. ఆ దేశంలో ముప్ఫై వేల మందికి పైగా పోయారు. ఆ రోజు ఈ గట్టుకూ ఆ గట్టుకూ వచ్చిన కష్టం ఒక్కటే. ఒకరినొకరు చూసుకోవడానికి మాత్రం ఓడ లేదు.

మనవాళ్ళు ఎప్పుడో వెళ్ళారు

ఇది తమిళుల కథ, మనకేంటి అనుకోవద్దు. శ్రీలంకకూ తెలుగు నేలకూ రాకపోకలు చాలా పాతవి. నాగార్జునకొండలో మూడో శతాబ్దం నాటి శాసనాల్లో సింహళ విహారం ప్రస్తావన ఉంది. సింహళం నుంచి వచ్చిన భిక్షువులు కృష్ణా తీరంలో ఉండి చదువుకున్న చోటది.

తర్వాతి కథ తంజావూరు నాయక రాజులది. చేమకూర వేంకటకవి 'విజయవిలాసం' అంకితమిచ్చిన రఘునాథ నాయకుడు మనకు కవిగా, కవుల్ని పోషించినవాడిగా తెలుసు. ఈ తీరమంతా ఆయన ఏలుబడిలోదే. 1620 ప్రాంతంలో పోర్చుగీసుల మీద తిరగబడిన జాఫ్నా వాళ్ళకు సాయంగా ఆయన ఈ నీళ్ళ మీదుగానే సైన్యాన్ని పంపాడు. చివరికి పోర్చుగీసులే గెలిచారనుకోండి!

ఆ పోర్చుగీసుల్ని డచ్చివాళ్ళు తరిమేశారు. 1658లో జాఫ్నా, అదే ఏడాది నాగపట్నం కూడా వాళ్ళ వశమయ్యాయి. మన మచిలీపట్నం, భీమునిపట్నం డచ్చి గిడ్డంగులు కూడా అదే కంపెనీవి. కోరమండల్ తీరంలోని డచ్చి వ్యాపారానికి 1690 నుంచి నాగపట్నమే రాజధాని. అంటే అప్పట్లో భీమిలి నుంచి బయల్దేరిన బట్టల మూట నాగపట్నం మీదుగా జాఫ్నా చేరడం పెద్ద విశేషమేమీ కాదు. 1781లో నాగపట్నం, 1795లో జాఫ్నా ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చాయి. దొరలు మారినా దారి మారలేదు.

ఇక ఓడెక్కుదాం

నాగపట్నం రేవు కడువయ్యారు నది సముద్రంలో కలిసేచోట ఉంది. పేరుకు ఓడే గానీ పద్ధతంతా విమానం లాంటిదే. పాస్‌పోర్టు చూపించాలి, సామాన్లు స్కానింగ్ చేయించాలి, ఇమ్మిగ్రేషన్ ముద్ర వేయించుకోవాలి, కస్టమ్స్ వాళ్ళ ప్రశ్నలకు జవాబివ్వాలి. అందుకే చాలా ముందుగా రమ్మంటారు. టైటానిక్ సినిమాలోలా మేడలూ, డాన్సు హాళ్ళూ ఊహించుకుంటే నిరాశే. ఇది ఏసీ బస్సుకు అన్నలాంటిది. వరసగా సీట్లు, అద్దాల కిటికీలు. 2023లో మొదట నడిచిన ఓడ పేరు చెరియపాణి. ప్రభుత్వ రంగంలోని షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా దాన్ని నడిపింది. 2024లో వచ్చిన ఓడ శివగంగై. దాన్ని నడిపేది ఒక ప్రైవేటు సంస్థ.

ప్రయాణం దాదాపు నాలుగు గంటలు. మొదటి అరగంట అందరూ కిటికీల దగ్గరే ఉంటారు. తీరం కనుమరుగయ్యాక చూడ్డానికి నీళ్ళే. పాక్ జలసంధి లోతు తక్కువ సముద్రం. అందుకే గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, అలలు పొట్టిగా, దగ్గరదగ్గరగా లేచి ఓడను కుదుపుతాయి. ఘాట్ రోడ్డు మీద బస్సెక్కితే కడుపులో తిప్పేవాళ్ళకి ఇక్కడా తప్పదు. ముందే డాక్టర్ని అడిగి మాత్ర వేసుకుంటే హాయి.

ఎక్కడో మధ్యలో రెండు దేశాల సరిహద్దు దాటతారు. ఎప్పుడు దాటారో మీకు తెలియదు. నీటి మీద గీత ఉండదు కదా! కానీ ఆ గీత వల్ల బాధపడేవాళ్ళు బోలెడుమంది. 1974, 1976 ఒప్పందాలతో ఈ సముద్రాన్ని మనదేశం, శ్రీలంక పంచుకున్నాయి. కచ్చతీవు అవతలి వైపుకు పోయింది. చేపల వెనక వెళ్ళి గీత దాటిన నాగపట్నం, రామేశ్వరం జాలర్లను శ్రీలంక నేవీ పట్టుకుందనీ, పడవలు లాగేసుకుందనీ వార్తలు చదువుతూనే ఉంటాం. అవతలివాళ్ళ గోడు కూడా వినాలి. యుద్ధం జరిగినన్నాళ్ళూ జాఫ్నా జాలర్లను సముద్రంలోకి వెళ్ళనివ్వలేదు. 2009లో యుద్ధం ముగిసి వలలు సర్దుకుని వెళ్ళేసరికి, మనవైపు నుంచి వచ్చిన పెద్ద ట్రాలర్లు సముద్రం అడుగుదాకా ఊడ్చేస్తూ కనిపించాయి. ఇటువంటి వేటను శ్రీలంక 2017లో నిషేధించింది. చిత్రమేమిటంటే ఇద్దరిదీ ఒకే భాష, ఒకే పని. గొడవ పడుతున్నదీ వాళ్ళే. ఆ గొడవల మధ్యలోంచే పాస్‌పోర్టు పట్టుకున్న నూట యాభై మంది దర్జాగా గీత దాటి వెళ్తారు.

గాంగేయుడు దిగిన రేవు

దూరంగా లైట్‌హౌస్, రాళ్ళతో కట్టిన అలల అడ్డుకట్ట కనిపిస్తే కంకేశన్‌తురై వచ్చినట్టే. తురై అంటే రేవు. కంకేశన్ అంటే గాంగేయుడు, మన కుమారస్వామే. వెనకటికి గుర్రం ముఖంతో ఉన్న ఒక చోళ రాకుమారి దగ్గర్లోని కీరిమలై ఊటనీళ్ళలో స్నానం చేస్తే మామూలు ముఖం వచ్చిందట. ఆ సంతోషంతో గుడి కట్టించింది. ఆ గుడికి కావలసిన స్వామి విగ్రహం మనవైపు నుంచి పడవలో వచ్చి దిగింది ఈ రేవులోనేనని చెబుతారు. గుర్రం ముఖం వదిలిన చోటు కాబట్టి ఆ ఊరు మావిట్టపురం అయింది. కీరి అంటే ముంగిస. ముంగిస ముఖమున్న ముని కూడా ఆ నీళ్ళలోనే బాగయ్యాడని ఇంకో కథ. ఆ కొలను ఇప్పటికీ ఉంది. గోడకు అవతల ఉప్పు సముద్రం, ఇవతల మంచినీళ్ళు!

కథలకేం, బాగానే ఉంటాయి. ఈ రేవు చుట్టుపక్కల ఊళ్ళ అసలు కథ వేరు. 1990లో సైన్యం ఈ ప్రాంతాన్ని హై సెక్యూరిటీ జోన్ చేసింది. వేలాది కుటుంబాలు ఇళ్ళూ పొలాలూ వదిలి వెళ్ళిపోయాయి. యుద్ధం ముగిశాక కూడా భూములు ఒక్కసారిగా తిరిగి ఇవ్వలేదు. కొద్దికొద్దిగా విడిచిపెట్టారు. రోడ్డు పక్కన పైకప్పు లేని ఇల్లు, హాల్లో మొలిచిన చెట్టు కనిపిస్తే అదే సంగతి అనుకోవాలి.

అక్కణ్ణుంచి జాఫ్నా పట్నం దాదాపు పద్దెనిమిది కిలోమీటర్లు. దారి పొడవునా తాటిచెట్లు. జాఫ్నాను వాళ్ళు యాళ్పాణం అంటారు. యాళ్ అంటే వీణ లాంటి పాతకాలపు వాద్యం. అది వాయించే ఒక గుడ్డి గాయకుడికి రాజుగారు బహుమతిగా ఇచ్చిన నేల కాబట్టి ఆ పేరట.

పట్నంలో ముందు చూడవలసింది పబ్లిక్ లైబ్రరీ. గుడి కాదు, కోట కాదు, లైబ్రరీ! తెల్లటి గోడలు, గోపురాలతో రాజమహల్లా ఉంటుంది. 1981 మే 31 రాత్రి దాన్ని తగలబెట్టారు. దాదాపు 97 వేల పుస్తకాలు, వాటిల్లో మళ్ళీ దొరకని తాళపత్రాలు బూడిదయ్యాయి. యుద్ధం మొదలవడానికి రెండేళ్ళ ముందు సంగతిది. ఇప్పటికీ అక్కడివాళ్ళు ఆ తేదీ చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారు. భవనాన్ని మళ్ళీ కట్టారు. పిల్లలు బల్లల దగ్గర కూర్చుని పరీక్షలకు చదువుకుంటుంటారు. ఏ పర్యాటక స్థలంలోనూ కలగని తృప్తి అక్కడ కలుగుతుంది.

దగ్గర్లోనే కోట. పోర్చుగీసులు మొదలుపెట్టింది, డచ్చివాళ్ళు అయిదు కోణాలతో తిరిగి కట్టింది. లోపలి డచ్చి చర్చి యుద్ధంలో కూలిపోయింది. గోడల మీద నడిస్తే ఒకపక్క నిశ్చలంగా కాయల్ నీళ్ళు, ఇంకోపక్క ఊరు. 1987లో మన శాంతి సేన వచ్చి పోరాడింది కూడా ఈ గడ్డ మీదే. 1990లో తిరిగొచ్చేసరికి వెయ్యిమందికి పైగా మన జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. జాఫ్నా జనం కూడా ఎందరో పోయారు. ఆ ఏడాదే అక్టోబరులో పులులు జాఫ్నా ముస్లింలను కొద్ది గంటల వ్యవధిలో ఊరొదిలి పొమ్మన్నారు. బాధ ఒక వర్గానిదే కాదని గుర్తుచేసే మూసేసిన వీధులు, తిరిగొచ్చి తెరిచిన కొట్లు రెండూ ఇక్కడ కనిపిస్తాయి.

నల్లూరు కందస్వామి గుడి జాఫ్నాకు గుండెకాయ. ఏటా ఆగస్టు ప్రాంతంలో ఇరవై అయిదు రోజుల ఉత్సవం జరుగుతుంది. యుద్ధం వల్ల కెనడాకు, ఇంగ్లండ్‌కు వెళ్ళిపోయినవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ సమయానికి వస్తారు. మగవాళ్ళు చొక్కా తీసి లోపలికి వెళ్ళాలి. ఓపికుంటే నైనాతీవు కూడా చూడండి. కాస్త దూరం రోడ్డు మీద, తర్వాత పడవలో. ఆ చిన్న దీవిలో నాగపూషణి అమ్మవారి గుడి, బుద్ధుడు అడుగుపెట్టాడని నమ్మే నాగదీప విహారం, రెండూ నడిచి వెళ్ళేంత దగ్గర్లో ఉన్నాయి.

ఇక తిండి. మన తేగలున్నాయే, వాటినే అక్కడ ఎండబెట్టి 'ఒడియల్' అంటారు. ఆ పిండితో చేపలు, రొయ్యలు, పీతలు, ఆకుకూరలు వేసి చిక్కటి పులుసులాంటి 'కూళ్' కాస్తారు. తేగల్ని కాల్చుకుని, ఉడకబెట్టుకుని తినడమే తెలిసిన మనకి అది కొత్త రుచి. జాఫ్నా పీతల కూర కారం గుంటూరు వాళ్ళని కూడా కాసేపు ఆలోచనలో పడేస్తుంది!

ఓడ ఎందుకు ఆగుతుంది?

దీనికి రెండు కారణాలు. మొదటిది గాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టేదీ అప్పుడే. నూట యాభై సీట్ల ఓడ ఆ సముద్రానికి తట్టుకోలేదు. 2025 నవంబరు చివర్లో దిత్వా తుపాను శ్రీలంకను ఎలా అతలాకుతలం చేసిందో చూశాం. చోళుల నావికులు కూడా గాలి చూసుకునే తెరచాప ఎత్తేవారు. కాబట్టి ఏటా కొన్నాళ్ళు ఆగడం తప్పు కాదు.

రెండోది డబ్బు. అసలు సమస్య ఇదే. 2023లో ప్రారంభం రోజు టికెట్ మూడు వేలు పెట్టారు. ఆ తర్వాత పన్నుతో కలిపి 7,670 రూపాయలు. ఆ ధరకు విమానం వైపు చూసేవాళ్ళే ఎక్కువ. చెన్నై నుంచి జాఫ్నా పలాలి విమానాశ్రయానికి 2019లో విమానాలు మొదలయ్యాయి కూడా. 2024లో ఓడ మళ్ళీ వచ్చినప్పుడు మామూలు సీటు అయిదు వేలు, పన్ను అదనం. టికెట్ ధర పెరక్కుండా ఉండేందుకు కంకేశన్‌తురై రేవు ఖర్చుల కోసం మన ప్రభుత్వం నెలకు రెండున్నర కోట్ల శ్రీలంక రూపాయలు ఇచ్చింది. ఆ రేవును బాగుచేయడానికి 6.15 కోట్ల డాలర్ల గ్రాంటు ప్రకటించింది. శ్రీలంక కూడా ఓడలో వెళ్ళేవాళ్ళకి పన్ను తగ్గించింది.

ఇంతకుముందు ఒక అనుభవం ఉంది. 2011 జూన్‌లో తూత్తుకుడి నుంచి కొలంబోకు 'స్కాటియా ప్రిన్స్' అనే పెద్ద ఓడ బయల్దేరింది. ఆర్భాటంగా మొదలై, ఖర్చులు గిట్టక, అదే ఏడాది నవంబరులో ఆగిపోయింది. అది నేర్పిన పాఠం ఒకటే. ఓడ ప్రారంభించడం తేలిక, రోజూ నడపడమే కష్టం.

మన పల్లెటూరి బస్సుల సంగతే తీసుకోండి. లాభం లేదని బస్సు ఆపేస్తే ఆ ఊళ్ళో ఆసుపత్రికి వెళ్ళే ముసలమ్మ, కాలేజీకి వెళ్ళే ఆడపిల్ల ఏమవుతారు? ఆ బస్సును ఏ లెక్కన నడుపుతామో ఈ ఓడను కూడా ఆ లెక్కనే నడపాలి. చెన్నైలో వైద్యానికి వచ్చే రోగి, కొట్టు సరుకు తెచ్చుకునే చిన్న వ్యాపారి, అన్నప్రాశనకు వెళ్ళే అమ్మమ్మ... వీళ్ళు విమానంలో మోయలేనంత సామాను ఓడలో మోసుకెళ్ళగలరు. ఎన్ని ప్రభుత్వాలు మారినా, చేపల గొడవ ఎంత ముదిరినా, ఆ దారి తెరిచి ఉంచితే చాలు. ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళొచ్చేవాళ్ళ మధ్య వదంతులు అంత తేలిగ్గా బతకవు.

వెళ్ళాలనుకుంటే...

* పాస్‌పోర్టు తప్పనిసరి. వీసా నిబంధనలు ఈ మధ్య చాలాసార్లు మారాయి. శ్రీలంక ప్రభుత్వ అధికారిక వెబ్‌సైట్‌లో చూసుకుని, దానికి తగ్గట్టు దరఖాస్తు పెట్టుకోండి.

* ఓడ వారంలో ఏయే రోజులు నడుస్తోందో, టికెట్ ఎంతో, ఎన్ని కిలోల సామాను తీసుకెళ్ళనిస్తారో బుక్ చేసేముందు కనుక్కోండి. ఇవి సీజన్‌ను బట్టి మారుతుంటాయి.

* అక్టోబరు నుంచి జనవరి దాకా ప్లాన్ చేసుకోకపోవడమే మంచిది. ఫిబ్రవరి నుంచి ఆగస్టు వరకూ అనుకూలం. నల్లూరు ఉత్సవం చూడాలనుకుంటే గదులు ముందే దొరకబుచ్చుకోవాలి.

* తెలుగు రాష్ట్రాల నుంచి చెన్నై వెళ్ళి, అక్కణ్ణుంచి రైలు లేదా బస్సులో నాగపట్నం చేరొచ్చు. వేళాంకణి వెళ్ళేవాళ్ళకి ఇదే దారి. ముందురోజే చేరుకుంటే హడావిడి ఉండదు.

* ఓడ ఒకరోజు ఆలస్యమైనా, రద్దయినా ఇబ్బంది పడకుండా తిరుగు ప్రయాణానికి ఒకటి రెండు రోజులు అదనంగా ఉంచుకోండి. ఓడ దిగిన రోజే విమానం టికెట్ పెట్టుకోవద్దు.

* కొలంబో దాకా వెళ్ళాలనుకునేవాళ్ళకి రైలు ఉంది. యుద్ధంలో పట్టాలు కూడా మిగలని ఈ మార్గాన్ని మన రైల్వే సంస్థ ఇర్కాన్ మళ్ళీ వేసింది. 2014లో జాఫ్నాకి, 2015లో కంకేశన్‌తురైకి రైలు తిరిగొచ్చింది. వేళలు ముందే చూసుకోవాలి.

* తమిళం నాలుగు ముక్కలు వస్తే చాలు, జాఫ్నాలో ఇబ్బంది ఉండదు. యుద్ధం గురించి వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి. ఫొటో తీసేముందు అడగండి. పైకప్పు లేని ప్రతి ఇంటికీ ఇప్పటికీ ఒక యజమాని ఉన్నాడని మరిచిపోకండి.